తెర ఎవరికి లేచినది?



పత్రికలు తిరుగవేయువారికి ఈ రెండు మాటలు కొత్తవి కావు. ఎన్నికల ప్రచారమునకు తెర లేచును. ఆటల పోటీలకు తెర లేచును. అన్నదమ్ముల తగవునకు తెర పడును. కార్మికుల సమ్మెకు తెర పడును. తుదకు ఒక మనుష్యుని బ్రదుకునకు కూడ తెర పడును. పత్రికలనుండి ఈ మాటలు సభావేదికల మీదికి ఎక్కినవి. అక్కడనుండి దిగి మన సంఘముల కరపత్రములలోనికి వచ్చి కూర్చున్నవి. ఉజ్జీవ కూటములకు తెర లేవనున్నదని అచ్చువేసిన కరపత్రములు నా బల్లమీద రెండు మూడు ఉన్నవి. నలువది ఏండ్లు పల్లెపల్లె తిరిగి వాక్యము చెప్పిన ఒక వృద్ధ బైబిలు స్త్రీ మరణవార్తలో, ఆమె సేవకు తెర పడినదని వ్రాసియుండగా చదివితిని. వ్రాసినవారి మనస్సు మంచిదే. మాట మాత్రము ఆమెకు తగలేదు. ఎందుచేత తగలేదో కొంచెము నిదానముగా విచారింతము.

ఇది ఆంగ్లేయుల నుడికారము. వారి నాటకశాలలో ముందు భాగమున గొప్ప తెర యొకటి వ్రేలాడును. అది లేచినప్పుడు ఆట మొదలు. అది దిగినప్పుడు ఆట ముగింపు. తెర దింపవలసిన సమయము వచ్చినదని పైనున్న పనివారికి తెలియజేయుటకు ఒక గంట కొట్టెడివారు. అందుచేత ఏ పనియైనను ముగించుటకు, గంటకొట్టి తెర దించుట అను మాట వారి భాషలో పుట్టినది. అయితే వారిలోకూడ ఇది అంత ప్రాచీనమైన ఆచారము కాదు. 1599లో లండను నగరమున కట్టిన గ్లోబు నాటకశాలలో షేక్స్పియరు నాటకములు ఆడినప్పుడు ముందుతెర లేనే లేదు. నటులు నడిచి వచ్చెడివారు, నడిచి పోయెడివారు. చనిపోయినట్లు నటించినవానిని తక్కినవారు మోసికొని పోవలసి యుండెను. 1660 తరువాత కప్పుగల నాటకశాలలు పెరిగిన కాలమున ముందుతెర స్థిరపడినది. తెర ఉన్నందున కవికి ఒక వసతి కలిగెను. ఒక ఘోరమైన మాటమీద, ఒక తుపాకి మోతమీద కథను తెగగొట్టి తెర దింపవచ్చును. చూచువారు ఉలికిపడి చప్పట్లు కొట్టుదురు. ఆదియు అంతమును దద్దరిల్లవలెనను కోరిక ఆ వసతివలన బలపడినదని నా అభిప్రాయము.

మన నాట తెర లేకపోలేదు. మన తెరకు వేరే పని యుండెను. వీధినాటకములలో ఇద్దరు మనుష్యులు ఒక బట్టను చెరియొక ప్రక్కను పట్టుకొని నిలుచుందురు. దాని వెనుక వేషగాడు వచ్చి నిలిచి తన్ను తాను పరిచయము చేసికొనుచు దరువు పాడును. తరువాత బట్ట తొలగింతురు. కూచిపూడివారి భామాకలాపములో సత్యభామ వేషము కట్టినవారు తమ పొడవైన జడను ఆ తెరమీదుగా ఇవతలికి వేయుట ప్రసిద్ధము. ఇక్కడ తెర తొలగుట ఆటకు ఆరంభము కాదు. ఆట అప్పటికే చాలసేపటినుండి నడుచుచుండును. దీపము వెలిగించి, ప్రార్థన చేసి, మద్దెల వాయించి యుందురు. ఆ తెర ఒక మనిషి రాకను చెప్పును. ఎందరు ముఖ్యులు వచ్చిరో అన్నిమార్లు తెర పట్టుదురు. కడపట మంగళహారతి పాడుదురు. అందుచేతనే ముగింపునకు "మంగళము పాడుట" అని మనకు మాట ఏర్పడినది. ఆ మాటకు పట్టిన గతి చూడుడు. ఒక పథకమును అధికారులు మూలకు నెట్టినప్పుడు, దానికి మంగళము పాడిరని పత్రికలు ఎగతాళిగా వ్రాయుచున్నవి. దీవెనతో ముగించుట ఎగతాళిగా మారినది. ఆటశాల గుడ్డ గౌరవముగల మాటగా కూర్చున్నది!

ఇడుపులపాయలో కూర్చుండి ఈ సంగతి వ్రాయుటకు నాకొక హక్కు కలదని తలంచుచున్నాను. మా ఊరు వేంపల్లె మండలములోనిది. పొరుగుననున్న చక్రాయపేట మండలములో సురభి రెడ్డివారిపల్లె కలదు. ఆంధ్రదేశమంతట పేరు పొందిన సురభి నాటక సమాజములు ఆ పల్లెలో పుట్టినవే. వనారస వారు మొదట తోలుబొమ్మలు ఆడించుకొని జీవించెడి కుటుంబము. వారిలో వనారస గోవిందరావుగారు 1885లో కీచకవధను మనుష్యులచేత నాటకముగా ఆడించిరి. ఆ పల్లె పేరే సమాజమునకు పేరైనది. తరువాత వారి కుటుంబమే అనేక సమాజములుగా పెరిగి, స్త్రీలు పురుషులు పిల్లలు అందరును వేషములు కట్టి ఊరూర డేరాలు వేసి ఆడిరి.

ఆ కుటుంబము తోలుబొమ్మలను విడిచి నాటకమునకు వచ్చినప్పుడు వారి చేతిలోని బట్ట ఏమైనదో గమనింపవలెను. తోలుబొమ్మలాటలోను తెర కలదు. తెల్లని పంచె గట్టిగా లాగి కట్టుదురు. వెనుక దీపముండును. బొమ్మను ఆ బట్టకు ఆనించి పట్టగా దాని రంగులు ఇవతలికి ప్రకాశించును. ఆ తెర లేచునది కాదు, పడునది కాదు. సాయంకాలము కట్టినది తెల్లవారువరకు అక్కడనే యుండును. అది లేకపోయినయెడల చూచుటకు ఏమియు లేదు. అనగా ఆ తెర చూపించెడి తెర. నాటకశాలలోని ముందుతెర దాచెడి తెర. ఒక్క తరములో, ఒక్క ఇంటివారి చేతులలో, చూపించెడి బట్ట పోయి దాచెడి బట్ట వచ్చినది. సురభివారు రంగులు పూసిన తెరలతో, ఉపాయములతో, మాయాబజారు వంటి ఆటలలో జనమును అబ్బురపరచిరి. వారిని తప్పుపట్టుట నా తలంపు కాదు. వారు ఆటవారు. ఆటకు తెర అవసరము. 1880లో ధార్వాడ నాటక సమాజము రాజమహేంద్రవరము వచ్చినది మొదలుకొని మన పట్టణములలో అట్టి రంగస్థలముల మోజు పెరిగెను. మన పొరుగు బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఆ కాలముననే నాటకములు వ్రాసి ఆడించిరి. ఆయన వ్రాసిన విషాద సారంగధరకు తెలుగులో మొదటి విషాదాంత నాటకమని పేరు. శుభముతో ముగింపవలెనను పాత కట్టుబాటును విడిచి, కన్నీటిమీద తెర దింపుట అక్కడనే నేర్చితిమి.

కాబట్టి మాట ఎక్కడనుండి వచ్చినదో తెలిసినది. అరువు తెచ్చుకొనుట తప్పని నేను చెప్పుట లేదు. చర్చి అనునది అరువు మాట. బైబిలు అరువు మాట. నన్ను మీరు పిలిచెడి పాస్టరు అనునది అరువు మాట. ఇవన్నియు మన ఇంటి బిడ్డలైపోయినవి. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి.పి. బ్రౌను దొరగారు తరువాత కూర్చిన నిఘంటువులోను అన్యదేశ్యములకు చోటిచ్చిరి. అరువు సొమ్మయినను, ఉపయోగపడినయెడల మంచిదే. నేను అడుగునది ఇంకొకటి. తెర లేచినదని చెప్పినప్పుడు, ఆ తెరకు ఇవతల కూర్చున్నవారు ఎవరు?

చూచువారు. టిక్కెట్టు కొన్నవారో ఊరక వచ్చినవారో, ఎవరైనను చూచువారే. ఈ నుడికారములోని గుట్టు ఇదియే. అది ఒక సంగతిని ఆటగాను, మనలను ప్రేక్షకులుగాను చేసివేయును. పంచాయతి ఎన్నికలకు తెర లేచినదని చదివినవాడు తాను ఓటు వేయవలసినవాడనని మరచి వినోదము చూడబోవువానివలె సర్దుకొని కూర్చుండును. ఉజ్జీవ కూటములకు తెర లేచినదని చదివిన విశ్వాసి, ఈమారు పాటకులు ఎవరు, ప్రసంగీకులు ఎవరు, మైకులు ఎట్లున్నవి అని అడుగును. అతడు అట్లు అడిగినందుకు మనము నొచ్చుకొందుము. పిలిచినదే ఆటకు పిలిచినట్లు పిలిచితిమి గదా!

మా ఊరు గొప్ప ఆరంభములను, ఒక గొప్ప అంతమును చూచినది. రాజకీయములు నా విషయము కావు; మాటల సంగతి చెప్పుటకే వీటిని ఎత్తుచున్నాను. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరు ప్రమాదములో నల్లమలలో మరణించిరి. 4వ తేదీన ఇక్కడ ఆయనను సమాధి చేసిరి. అటుపిమ్మట ఆయన కుమార్తె షర్మిలగారు 2012 అక్టోబరు 18న, కుమారుడు జగన్మోహనరెడ్డిగారు 2017 నవంబరు 6న పాదయాత్రలు ఆ సమాధియొద్దనుండియే మొదలుపెట్టిరి. తండ్రి 2003లో చేవెళ్లలో మొదలుపెట్టి ఇచ్ఛాపురములో ముగించియుండెను. పిల్లలిద్దరును ఇచ్ఛాపురములోనే ముగించిరి. ఈ రెండవ యాత్ర 341 దినములు, 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరి 9న ముగిసినది.

మొదటి దినమున జనము, డప్పులు, కెమెరాలు. చివరి దినమున మరల జనము, డప్పులు, కెమెరాలు. ఆ రెండు దినములను చెప్పుటకు తెర అను మాట సరిపోవును. నడిమి 339 దినములను ఏ మాటతో చెప్పుదురు? నడక అనునది తెర లేచినందువలన జరుగునది కాదు. అడుగు వేసినందువలన జరుగును. ఒక మనిషిని మనము మెచ్చినను మెచ్చకున్నను, మడమలు పగిలిన నడకను లెక్కింపవలసినది కిలోమీటర్లతోనే. "తొలి అడుగు" అను మాట మనకు కలదు. అది చిన్న మాట. దానిలో రెండవ అడుగు వచ్చునను వాగ్దానము కలదు. తెర లేచుటలో ఆ వాగ్దానము లేదు.

2009లో ఆ సమాధి దినమున ఇక్కడికి వచ్చిన పల్లె స్త్రీలు ఏ తెరను గూర్చియు మాటలాడలేదు. "పాయెనే నాయనా" అని ఏడ్చిరి. పాయెను అనుటలో పోయినవాడు ఒక దారిని పోయెనని యున్నది; మిగిలినవారు ఇక్కడ నిలిచిరని యున్నది. పడిన తెర వెనుక ఏమున్నదో నాటకము చూచువానికి అక్కరలేదు. అతడు లేచి ఇంటికి పోవును. పాయెనని ఏడ్చినవారు ఇంటికి పోయినను ఆ లోటు వారితో పోవును.

ఇంకొక నుడికారమును గూర్చి చెప్పక విడువరాదు. దీనికి తెలుగు వేషము కూడ వేయరు. బొత్తిగా ఇంగ్లీషుననే పలుకుదురు. మన యౌవనస్థులు, కొందరు ప్రసంగీకులు మైకు పట్టుకొని, ఈ కూటములను బ్యాంగ్‌తో మొదలుపెట్టి బ్యాంగ్‌తో ముగించెదమని చెప్పుదురు. ఆ మాటకు అర్థము ప్రేలుడు మోత. ఫిరంగి గాని, తుపాకి గాని, మందుగుండు గాని ప్రేలినప్పుడు వచ్చెడి చప్పుడు. లండనులోనో మద్రాసులోనో అది ఉత్సాహముగా వినబడవచ్చును. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలో ఆ మోత మనకెట్లు పరిచయమో కొంచెము తలంచుడు. ఎర్రగుంట్ల ప్రక్క సున్నపురాతి గనులలో ప్రేలుడు పెట్టినప్పుడు కూలివారు దూరము పరుగెత్తుదురు. అది పనికి సంబంధించిన మోత. దానికి ఎర్రజెండా ఉండును, వేళ ఉండును. వేళయు జెండాయు లేని మోత ఇంకొకటి మన పల్లెలు ఎరుగును. కక్షల దినములలో నాటుబాంబు మోత. అట్టి మోతతో మొదలైన పగలు ఏండ్ల తరబడి నడిచినవి. ఆ ఇండ్లలో వితంతువులై మిగిలినవారిలో కొందరు మన సంఘములలో స్త్రీల వరుసలో ముందు బల్లమీద కూర్చుండి యున్నారు. వారి యెదుట నిలిచి, సువార్త కూటమును బాంబు మోతతో మొదలుపెట్టెదనని చెప్పువాడు ఇంగ్లీషు ఎరుగడు, ఊరును ఎరుగడు.

మోతను గూర్చి బైబిలులో లేదా? కలదు. సీనాయి కొండమీద ఉరుములున్నవి. పెంతెకొస్తు దినమున పెనుగాలి వంటి ధ్వని యున్నది. అయితే ఏలీయా హోరేబు గుహలో నిలిచినప్పుడు జరిగినదానిని మరువరాదు. కొండలను బద్దలు చేయు గాలి వచ్చెను, తరువాత భూకంపము, తరువాత మెరుపు, మంట. ఈ మూడింటిలోను యెహోవా లేడని గ్రంథకర్త మూడుమారులు చెప్పి, నిమ్మళమైన స్వరమువద్దకు మనలను తెచ్చి నిలుపును. ఆ స్వరము వినబడిన తరువాతనే ప్రవక్త ముఖము కప్పుకొనెను. దద్దరిల్లెడి ఆరంభమునకు మూడు అవకాశములు ఉండగా మూడింటిని దాటిపోయిన కథ అది.

అంతములను గూర్చియు ఇట్లే. వేదపాఠశాలలో ఉన్న దినములలో మా గురువులు మమ్మును ఒక అభ్యాసము చేయించెడివారు: గ్రంథముల మొదటి వాక్యములు కావు, చివరి వాక్యములు చదివి, ఎందుకిట్లు ముగిసినవని అడుగుట. యోనా గ్రంథము ఒక ప్రశ్నమీద ఆగిపోవును. నీనెవె జనమును గూర్చి, అందలి పశువులను గూర్చి కూడ, దేవుడు అడిగిన ప్రశ్నకు యోనా ఏమనెనో వ్రాయబడలేదు. అపొస్తలుల కార్యములు చదువుచు పోయినవాడు పౌలునకు కైసరు ఏమి తీర్పు చెప్పెనో తెలిసికొందునని ఆత్రపడును. లూకా ఆ తీర్పు చెప్పడు. పౌలు రోమాలో అద్దె ఇంట రెండు సంవత్సరములుండి వచ్చినవారందరికి బోధించెనని చెప్పి కలము పెట్టివేయును. ఒక అద్దె ఇల్లు! మార్కు సువార్త నాలుగవ శతాబ్దపు రెండు గొప్ప వ్రాతప్రతులలో 16వ అధ్యాయము 8వ వచనమువద్దనే ఆగుచున్నది. సమాధినుండి పరుగెత్తిన స్త్రీలు భయముచేత ఎవరితోను ఏమియు చెప్పలేదనుటతో. ఈ మూడింటిలో ఏదియు నాటకకర్త తెర దింపదగిన చోటు కాదు. అయినను చదివినవాడు లేచి ఇంటికి పోలేడు. తీర్పు తెలియలేదు గనుక, జవాబు రాలేదు గనుక, మిగిలినది అతనిమీద పడును.

తెర అను మాటకు మన బైబిలులో వేరొక చరిత్ర కూడ కలదు. ప్రత్యక్షపు గుడారములో అడ్డతెర. తరువాత దేవాలయపు తెర. ఏటికొకమారు ప్రధానయాజకుడు తప్ప ఎవరును దాని లోపలికి పోరాదు. యేసు ప్రాణము విడిచిన వేళ ఆ తెర లేవలేదు, పడలేదు. పైనుండి క్రిందికి చినిగెను. చినిగిన తెరను మరల దింపుటకు వీలుకాదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో ఆ తెరగుండా మార్గము తెరవబడినదని యున్నది. ఇట్టి వాక్యములను ప్రతి శుభశుక్రవారము చదివెడి సంఘము, తనలోని ఒక విశ్వాసి చనిపోయినప్పుడు ఆమెకు తెర పడినదని వ్రాయుట అలంకార దోషము మాత్రమే కాదు. చెప్పుచున్న నిరీక్షణను అచ్చులో కాదనుట. ఆ వృద్ధురాలు ఎవరి యెదుటను ఆట ఆడలేదు. వర్షములో కాలువలు దాటి, చద్ది తిని, చదువురాని కోడండ్రకు అక్షరములు దిద్దించెను. ఆమె చూచువారిని కోరలేదు. ఆమెకు దొరకలేదు కూడ.

ఆమెకు తగిన మాటలు మన భాషలో లేకపోలేదు. ప్రభువునందు నిద్రించెననుట సంఘమందరికి తెలియును. తనువు చాలించెననుట చక్కని తెలుగు. చాలు అనుకొని పని దింపినవారి నెమ్మది దానిలో కలదు. కడతేరుట అను మాట ఇంకను లోతైనది. కడ అనగా చివర, తేరుట అనగా చేరుట. ప్రయాణము చేసి చివరకు చేరినవారికి అది చెల్లును. ఈ మాటను కూడ పత్రికలవారు కడతేర్చిరి! భార్యను కడతేర్చిన భర్త అని హత్యావార్తలకు శీర్షిక పెట్టి పెట్టి, ఇప్పుడు మంచి అర్థమున వాడవలెనన్న జంకు కలుగుచున్నది. మనమైనను మన పాటలలో, ప్రార్థనలలో దానిని నిలుపుకొందము.

మొదలునకు మా సేద్యగాండ్రకు ఏరువాక కలదు. వాన పడిన తరువాత తొలి దుక్కి కట్టుట అది. దానిలో సంబరము కలదు, ఎద్దుల కొమ్ములకు రంగులు కలవు. అయినను దానిని చూచుటకు ఎవడును ఊరక కూర్చుండడు, నాగలి పట్టవలసినదే. చివర కళ్లము కలదు, తూర్పార పట్టుట కలదు. శ్రీకారము చుట్టుట, నాంది పలుకుట అను మాటలు మన ప్రసంగీకులు కొందరు సంకోచము లేక వాడుదురు, కొందరు అవి మనవి కావని మానుదురు. ఆ తగవులోనికి నేను పోను. మొదలుపెట్టిరి, ముగించిరి అను రెండు మాటలు ఎవరికిని అభ్యంతరము లేనివి, కూలివానికిని కాలేజి విద్యార్థికిని తెలిసినవి.

తెర అను నుడికారము ఎక్కడను పనికిరాదా అని అడుగుదురేమో. ఆటగా నడిచినదానికి పనికివచ్చును. ఇద్దరు నాయకులు పత్రికలకెక్కుటకే దినమొక మాట విసరుకొని, పిమ్మట చేతులు కలిపిరనుకొనుడు. ఆ వివాదమునకు తెర పడినదని వ్రాసిన విలేఖరిని నేను మెచ్చుదును. అది ఆట యని ఆయన చెప్పకయే చెప్పెను. నాటకమునకు, సినిమాకు అది సొంత మాట. తెర వెనుక నడిచిన మంతనములు, తెరమరుగైన మనుష్యులు, ఇవియు బాగుగనే యున్నవి.

మా ప్రాంతపు కూటముల కరపత్రము అచ్చునకు పోవునప్పుడు చిత్తుప్రతి నాయొద్దకు వచ్చెను. మొదటి పంక్తిలో తెర లేవనున్నది. చివరి పంక్తిలో దివ్యమైన బ్యాంగ్ ఒకటి యున్నది. రెండును కొట్టివేసి, సాయంకాలము 6 గంటలకు మొదలగును, 9 గంటలకు ముగియును అని వ్రాసితిమి. కాగితములో కొంత చోటు మిగిలెను. అందులో వేంపల్లెకు తిరిగిపోవు కడపటి బస్సు వేళ వేయించితిమి.